ముందే వేసేసిన ఐదో రీలు

ఆ రోజుల్లో ఏ ఊరికి పోయి వచ్చినా, ఇల్లు చేరగానే ఏమేమి పోయిందో లెక్క చూసుకోవడం నాకు అలవాటు. బడిలో నేను నేర్చుకున్న లెక్కలు ఐదో తరగతితో సరి. మిగతాదంతా చిత్తూరు మామిడి మండీలో గంపలు ఎక్కించేటప్పుడూ దించేటప్పుడూ నోటితో కూడి, వేళ్ళతో తీసివేసి, నాకు నేనే నేర్చుకున్నది. అందుకే ముప్పై ఏళ్ళు దాటినా, మా అవ్వ ఊళ్ళో యేసు ప్రభువు సినిమా వేసిన ఆ ఒక్క సాయంత్రం మాకు పోయినవాటిని ఇప్పటికీ వరుస తప్పకుండా చెప్పగలను. ఒక టార్చిలైటు, బ్యాటరీలతో సహా. నా కంజీరకున్న ఇత్తడి బిళ్ళల్లో మూడు. మా నాయన ఎడమకాలి చెప్పు (కుడిది దొరికింది, జత ఎప్పటికైనా వస్తుందని దాన్ని ఆయన చాలాకాలం దాచిపెట్టాడు). మా హార్మోనియం మామ గొంతు, రెండు మూడు రోజుల పాటు. మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, వారమంతా కూర్చుని సిద్ధం చేసుకున్న ప్రసంగం, మొదటి మాట నుంచి చివరి మాట దాకా. అన్నిటికంటే ముఖ్యంగా, 'లెక్కలోడు చెప్తే తప్పదు' అని మా సంఘంలో నాకున్న పేరు. ఈ చివరిది పోవడంతోనే అసలు కథంతా నడిచింది.

అవ్వంటే మా నాయనను కన్నతల్లి. కార్వేటినగరం దాటి నగరి వైపు పోయే దారిలో ఒక నేతపల్లెలో ఉండేది. పల్లెలో ఎక్కువ ఇళ్ళు హిందూ నేతవాళ్ళవి. ఒక వీధిలో మాత్రం మావాళ్ళవి నాలుగిళ్ళు, ఒక చిన్న పెంకుల గుడి (మేము ప్రార్థన చేసుకునే చోటును గుడి అనే అనేవాళ్ళం). అవ్వ వయసంతా మగ్గాలకు కండెలు చుట్టింది. వాకిట్లోకి పాము వస్తే దాన్ని చీపురుతో అవతలికి నెట్టి, మళ్ళీ వచ్చి రాట్నం ముందు కూర్చునే మనిషి. అలాంటి మనిషికి ఆ ఏడాది కడుపులో గడ్డ ఉందని వేలూరులో డాక్టరమ్మ చెప్పింది. ఇప్పుడు తీసేస్తే భయం లేదు, నెల దాటిస్తే నా చేతిలో ఉండదు అని కూడా చెప్పింది. అవ్వ తలుపు దగ్గరే చెప్పులు వేసుకుని, ఊరికి పోయే బస్సు ఎక్కేసింది.

ఆ తర్వాత మా నాయన ఎన్నిసార్లు పోయి బతిమాలినా ఒకటే జవాబు. "మత్తు సూది ఏస్తారంట, పొట్ట కోస్తారంట, మళ్ళీ కుడతారంట. కోసేది తెలుసు, కుట్టేది తెలుసు. ఆ నడుమ ఏమవుతాదో ఎవురు చెప్తారురా? అది తెలీకుండా నేను రాను." నాయన గొంతు తగ్గించి, "అమ్మా, డాక్టరమ్మ అంత నమ్మకంగా చెప్పింది కదమ్మా" అంటే, "నమ్మకముంటే ఆమెనే పండుకోమను ఆ బల్ల మీద" అనేది. నాయన బయటికొచ్చి మొహం తుడుచుకునేవాడు. నెలలో రోజులు తరిగిపోతున్నాయి.

నిజానికి అవ్వకు 'ఆ నడుమ' అంటే ముందు నుంచీ పడదు. మంచి శుక్రవారం ఆరాధనలో అయ్యగారు ప్రభువును సిలువకు కొట్టిన ఘట్టానికి వచ్చేసరికి, అవ్వ కొంగు సర్దుకుని లేచి, "పొయ్యి మీద పాలు పెట్టొచ్చినాను" అని గుడి దాటిపోయేది. (ఆ రోజు మా ఇళ్ళల్లో అందరూ ఉపవాసమే. ఏ పొయ్యీ వెలగదు. ఏ పాలూ పొంగవు.) ఈస్టరు తెల్లవారుజామున మాత్రం అందరికంటే ముందు గుడిలో ఉండేది. పుట్టింది కావాలి, లేచింది కావాలి, మధ్యలోది వద్దు. తన బైబిలును అవ్వ అట్లా మడతపెట్టి పెట్టుకుంది.

నాయనకు చివరికొక ఆలోచన వచ్చింది. తిరుపతిలో మా సంఘాలవాళ్ళ దగ్గర ప్రొజెక్టరూ, ప్రభువు జీవితం మీద తెలుగు మాటలతో సినిమా రీళ్ళూ ఉన్నాయి. అడిగితే పల్లెలకు పంపుతారు. దాన్ని అవ్వ ఊళ్ళో వేయిద్దాం, చూసి ఆమె మనసు మెత్తబడుతుంది, ఆ వెంటనే అయ్యగారు ధైర్యం గురించి ప్రసంగం చేస్తారు, ఊరందరి ముందూ ఆమె చేత ఆపరేషనుకు సరే అనిపిద్దాం. ఇదీ పథకం. ఊళ్ళో మరమగ్గాల షెడ్డు మేస్త్రీని కరెంటు అడగడానికి పోతే, ఆయన నిలబడే మాట్లాడాడు. "దేవుడి బొమ్మకు కరెంటు అడిగితే కాదంటానా అప్పా? ఏడుకు పగటి పని దిగుతాది, తొమ్మిదికి రాత్రి పని ఎక్కతాది. ఆ నడుమ రెండు గంటలు మీవి. తొమ్మిది కొట్టిందంటే మాత్రం ఎవురి దేవుడైనా సరే, నా మగ్గాలు నిలబడవు." తెరకు తెల్లగుడ్డ కూడా ఆయనే ఇచ్చాడు. అమ్ముడుపోని పంచెలు రెండు కలిపి కుట్టించాడు. ఎర్ర అంచులు రెండూ సరిగ్గా తెర మధ్యలో కలిశాయి. ఆ సాయంత్రం ఆ ఊళ్ళో ప్రభువు, పన్నెండుమంది శిష్యులు, రోము సైనికులు అందరూ నడుముకు ఎర్ర పట్టీ కట్టుకునే తిరిగారు.

నా పని రెండు రకాలు. ఒకటి కంజీర. రెండోది కాలం లెక్క. రీలు ఒకటికి ఇరవై నిమిషాలు, అట్లాంటివి ఐదు. ఒకే ప్రొజెక్టరు కాబట్టి ఒక రీలు దించి ఇంకోటి ఎక్కించడానికి ఐదేసి నిమిషాలు. కూడితే మేస్త్రీ ఇచ్చిన రెండు గంటలకు సరిగ్గా సరిపోయింది (ఆ సరిపోవడం చూసి నేను రెండు రోజులు సంతోషంగా ఉన్నాను). రీలు మార్చే చీకటిలో జనం లేచిపోకుండా మా పాటలు. హార్మోనియం వాయించే ఆయన మాకు వరసకు మామ, మాకందరికీ పెట్టె మామ. ఆయనకు ఆ చీకటంటే ఎంతో గౌరవం. "బొమ్మ ఆడేటప్పుడు పాడేదానికి మనమెవురం అల్లుడా? తెర నల్లబడినప్పుడే మన పని" అనేవాడు. నాకు తాళం నేర్పింది కూడా ఆయనే. "తాళంలో చెయ్యి ఊపి ఊరకే వదిలేసే చోటు ఉండాది సూడు, దాన్ని ఖాళీ అంటారు. చెవికి ఏమీ వినపడదు. అయినా అది లెక్కలోదే. వినపడలేదు కదా అని ఎగ్గొట్టినావంటే పాటంతా కూలిపోతాది." మండీలో ఖాళీ గంపను లెక్కలో వేయరు. వినపడనిదాన్ని కూడా లెక్కలో వేసే విద్య ఒకటి ఉందని నాకప్పుడే తెలిసింది. అది నాకెంతో నచ్చింది.

ఆ రోజు మధ్యాహ్నం నేనూ, పెట్టె మామా, నాయనా, ప్రొజెక్టరు మిషన్ తిప్పే అన్నా కలిసి బస్సులో సామానుతో దిగాము. అయ్యగారు సాయంత్రం బస్సుకు వస్తానన్నారు. దారిలో వాన. రీళ్ళ డబ్బాలు బస్సు పైన ఉన్నాయి. దించి చూస్తే, మూడింటి మీద రంగుతో వేసిన రెండు, మూడు, నాలుగు అంకెలు భద్రంగా ఉన్నాయి. మిగతా రెండు డబ్బాల మీద ఎవరో కాగితాలు అంటించారు. ఆ కాగితాలు వానకు గుజ్జయి చేతికంటుకున్నాయి. అంటే ఆ రెండింటిలో ఒకటి ఒకటో రీలు, ఇంకోటి ఐదో రీలు. ఏది ఏదో తెలియదు. మిషన్ అన్న తలగోక్కున్నాడు. "నేను మిషన్ మనిషిని తమ్ముడూ, కథ మీది. ఈ సినిమా నేనెప్పుడూ తిప్పలేదు. ఏడు దాకా కరెంటు లేదు, తిప్పి చూసేదానికి కూడా లేదు." నేను చేతులు తుడుచుకుని, "ఇట్లియ్యన్నా, నేను చెప్తాను" అన్నాను.

ఆ నిమిషంలో నన్ను నేను తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పద్దెనిమిదేళ్ళవాణ్ణి, ఒక కన్ను మూసి, రీలు కొస పట్టుకుని పొద్దువాలే ఎండకు ఎదురుగా ఎత్తి చూస్తున్నాను. చుట్టూ పిల్లలు. మొదటి డబ్బాలోది గీతలమయం. దాని కొసలో ఒక గుహ, ఒక ఆడమనిషి, తెల్లబట్టలతో ఒక దేవదూత. రెండో డబ్బాలోది కొత్తదానిలా నిగనిగలాడుతోంది. దాని కొసలో చెరువులాంటి నీళ్ళు, పడవ, వల నిండా చేపలు. నేను లెక్క కట్టాను. పల్లెల్లో సినిమా మొదలుపెట్టడం తప్పదు, ముగించడం మాత్రం వానా కరెంటూ దయ. కాబట్టి ఎక్కువసార్లు తిరిగిన రీలు మొదటిదే అయ్యుండాలి, గీతలు దానికే ఉండాలి. పైగా మరియమ్మ ఉంది, దేవదూత ఉన్నాడు. పశువుల పాక బదులు గుహ తీశారు, అంతే తేడా. ఇక రెండోది: ప్రభువు లేచిన తర్వాత సముద్రం ఒడ్డున శిష్యులకు కనబడి, వల నిండా చేపలు పట్టించాడని బైబిల్లో ఉంది. కాబట్టి అది చివరిది. ఇట్లా అటునుంచీ ఇటునుంచీ లెక్క సరిపోయింది. సుద్దముక్కతో గీతల డబ్బా మీద '1' అనీ, నిగనిగల డబ్బా మీద '5' అనీ పెద్దగా రాశాను. మిషన్ అన్న మెచ్చుకోలుగా, "చదువుకోకుండానే ఇట్లున్నావంటే, చదువుకునుంటే ఏమైపోయేవాడివో" అన్నాడు. (ఆ మాట తొమ్మిది కొట్టేలోగా ఆయనే మళ్ళీ ఇంకోలా అన్నాడు.)

ఏడు కొట్టింది. మగ్గాలు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ ఊళ్ళో అంత నిశ్శబ్దం కొత్తగా ఉన్నట్టుంది, చిన్నపిల్లలు ఏడుపు అందుకున్నారు. వీధి నిండా చాపలు, గోనెసంచులు. అవ్వ ముందు వరుసలో, పక్కింటి నేతమ్మ భుజం తగిలేట్టు కూర్చుంది. నాయన ఆమె వెనకాలే. నేను టార్చిలైటు దగ్గర పెట్టుకుని పక్కన నిలబడ్డాను, సిలువ దగ్గరికొచ్చేసరికి అవ్వ లేచిపోతుంది కదా, ఇంటికి దారి చూపించాలని. బస్సు దిగి పరుగున వచ్చిన అయ్యగారు ప్రార్థన చేశారు. తెర వెలిగింది.

వాన. తెర నిండా గీతలు వానలా కురుస్తున్నాయి. ఆ వానలో పెద్ద బండరాయి ఒకటి దొర్లిపోయి ఉంది, ఒకావిడ ఏడుస్తోంది. వెనక నుంచి ఒకాయన, "పురుడొచ్చిందేమోప్పా" అన్నాడు. నేను తల ఊపి, బిడ్డ కోసం ఎదురుచూశాను. బిడ్డ రాలేదు. గడ్డం ఉన్న మనిషి వచ్చాడు. పెట్టె మామ నా చెవి దగ్గరికి వంగి, ఎంతో మర్యాదగా అడిగాడు. "అల్లుడా, పుట్టకముందే ఆయన చేతులకు ఆ గాయాలేందిరా?"

అప్పుడు నాకు తెలిసింది. అది ప్రభువు పుట్టుక కాదు, సమాధి. ఆ మరియమ్మ తల్లి మరియమ్మ కాదు, ఈస్టరు ఉదయం సమాధి దగ్గర ఏడ్చిన మగ్దలేనే మరియమ్మ. చేపలు కూడా చివరి చేపలు కావు. ప్రభువు మొదట్లో పేతురును పిలిచినప్పుడు పట్టించిన చేపలు. అంతకుముందు సినిమా వేసిన ఊళ్ళో ఒకటో రీలును వెనక్కి చుట్టకుండానే డబ్బాలో పెట్టేశారు, నేను దాని తోక చూసి తల అనుకున్నాను. మిషన్ అన్నకూ అర్థమైపోయింది. ఒక చెయ్యి స్విచ్చి మీద పెట్టి, "అయ్యగారూ, ఇది ఆఖరి రీలండీ. ఆపేయమంటారా?" అన్నాడు. అయ్యగారు తెరవైపు చూశారు. ప్రభువు అప్పుడే "మరియా" అని పిలిచాడు, ఆమె తిరిగి చూసింది. అయ్యగారు చెయ్యి అడ్డం పెట్టి, "లేచిన ప్రభువును ఎట్లప్పా ఆపేది? తిప్పు" అన్నారు. ఆ తర్వాత నావైపు చూశారు. ఆ చూపు నేను రాయలేను.

మొదటి చీకట్లో మేము పాడాల్సింది గొల్లలు, నక్షత్రం ఉన్న క్రిస్మస్ పాట. పెట్టె మామ ఒక్క క్షణం ఆలోచించి ఈస్టరు పాట ఎత్తుకున్నాడు. నేను భయంతో తాళం తప్పి కంజీరను ఎంత గట్టిగా కొట్టానంటే, ఇత్తడి బిళ్ళలు మూడు ఊడి చాపల మీదికి ఎగిరిపోయాయి. జనానికి అదీ నచ్చింది. నేతవీధి వాళ్ళకు అసలు ఏ తప్పూ కనబడలేదు. సినిమాల్లో ముందు చివర చూపించి, తర్వాత వెనక్కి పోయి కథ చెప్పడం వాళ్ళకు అలవాటే. ఒక కుర్రాడు పక్కవాడికి వివరిస్తున్నాడు. "ఇంగ ఇప్పుడు చూడు, ఆ గాయాలు ఎట్లైనాయో చెప్తారు."

చెప్పారు. రెండో రీలులో గుడ్డివాళ్ళకు చూపొచ్చింది, మూడోదాంట్లో రొట్టెలు అందరికీ చాలాయి, నాలుగో రీలు ఎక్కింది. ప్రతి చీకట్లోనూ పెట్టె మామ గొంతెత్తి పాడుతూనే ఉన్నాడు (ఆయన గొంతు ఎప్పుడు పోయిందని నన్నడిగితే మూడో చీకట్లో, రెండో చరణంలో అని చెప్తాను). నాలుగో రీలులో సైనికులు ప్రభువును పట్టుకున్నారు. నేను టార్చి తీసుకుని అవ్వ పక్కకు జరిగాను. మేకులు తెచ్చారు. అవ్వ కొంగు సర్దుకుంది. ఒక చెయ్యి నేలకు ఆనించి, సగం లేచింది.

అప్పుడు పక్కింటి నేతమ్మ భోరుమంది. ఆమెకు ఈ కథ కొత్త. "అయ్యో, అంత మంచోణ్ణి ఏం జేస్తా ఉండారు చూడక్కా! రొట్టెలు పెట్టిన చేతులు కదక్కా అవి!" అని అవ్వ చెయ్యి పట్టుకుని లాగింది. అవ్వ ఆ లాగుడుకు మళ్ళీ కూలబడింది. లేవాలనుకున్న మనిషి లేవలేదు. నేతమ్మ తలను తన భుజానికి ఆనించుకుని వీపు నిమురుతూ, తను కూడా తెరవైపు చూస్తూనే, "ఏడవద్దే, ఏడవద్దు. మనం చూసినాం కదే, లేస్తాడు. ఇందాక నీ కండ్లతో నువ్వే చూసినావు. ఇంగ కొంచేపు ఓర్సుకో" అంది. నేను టార్చి ఎక్కడ పెట్టానో నాకు తెలియదు. అవ్వ మంచి శుక్రవారం మొత్తం కూర్చుని చూడడం నా జీవితంలో అదే మొదటిసారి. వెనక కుర్రాళ్ళయితే సైనికుల మీద కేకలు. "కొట్టండ్రా, కొట్టండి! మూడు దినాలాగి సూడండి, ఉంటాది మీకు!" సిలువ దగ్గర ఒక వీధి మొత్తం అంత ధైర్యంగా ఉండడం నేను ఏ గుడిలోనూ చూడలేదు.

సమాధికి రాయి దొర్లించడంతో నాలుగో రీలు అయిపోయింది. చీకటి. ఇక మిగిలింది నేను '5' అని రాసిన ఒకటో రీలు, సరిగ్గా ఒక రీలుకు సరిపడే సమయం. మిషన్ అన్న డబ్బా మూత తీస్తున్నాడు. ముందు వరుస నుంచి అవ్వ గొంతు వినబడింది. "అబ్బయ్యా, అది కాదు. మళ్ళీ ఆ లేచేది ఏయి." వెంటనే వీధి వీధంతా అందుకుంది. "అవునప్పా, లేచేదే ఏయండి, లేచేదే!" మిషన్ అన్న నా మొహంలోకి చూసి నవ్వాడు. "ఇప్పుడర్థమైందా తమ్ముడూ, దానికి అన్ని గీతలు ఎందుకున్నాయో? పోయిన ప్రతి ఊళ్ళోనూ ఇట్లే రెండోసారి అడుగుతారు కావచ్చు. నువ్వు చదువుకోకపోవడమే మేలు. చదువుకునుంటే ఇంకా నమ్మకంగా తప్పు చేసుండేవాడివి."

గీతల లెక్క సరే, ఆ గీతలు ఎందుకు పడతాయో మాత్రం నా లెక్కలో లేదు. మనుషులు మొదలును ఎక్కువసార్లు చూస్తారనుకున్నాను. వాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగేది తెల్లవారడాన్ని.

వాన గీతల్లోంచి ప్రభువు రెండోసారి లేచాడు. ఈసారి నేతమ్మ అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది. రీలు కొస పటపటా కొట్టుకుంటూ ఉండగానే తొమ్మిదైంది. అయ్యగారు కాగితాలు తీసి, గొంతు సవరించుకుని, "ప్రియమైనవారలారా" అన్నారు. షెడ్డులో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఎక్కాయి. అయ్యగారి పెదవులు కదులుతున్నాయి, మగ్గాల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. జనం లేచి చాపలు దులుపుకుంటున్నారు. ఆ తొక్కిడిలో నాయన ఎడమ చెప్పు ఎవరి కాలివెంటో పోయింది. పథకమంతా పాడైపోయిందని ఆయన ఒంటికాలి మీద నిలబడి అయ్యగారి వైపు దీనంగా చూస్తున్నాడు. అవ్వ నాయన చొక్కా పట్టుకుని లాగి ఏదో అడిగింది. "ఏందమ్మా?" అన్నాడు నాయన. మళ్ళీ అడిగింది. "వినపళ్ళేదమ్మా!" అవ్వకు కోపమొచ్చి, మగ్గాలన్నిటికంటే పైగా అరిచింది. "యాలూరుకు ఎప్పుడు పోదామని అడగతా ఉండానురా సెవిటోడా! కత్తి పెట్టించుకునేదానికి!"

నాయన కాళ్ళ గురించి మర్చిపోయి అక్కడే కూర్చుండిపోయాడు. అవ్వ ఆయన తల మీద చెయ్యి పెట్టి, నావైపు చూసి, "ఆ నడుమది ఇప్పటికీ నాకు భయమేరా. కానీ ఆఖరిది ముందే చూపించినాడు కదా ఈడు, ఇంగ కూర్చోవచ్చులే" అంది. అయ్యగారు ప్రసంగం కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ ప్రసంగం ఆయన మళ్ళీ ఎప్పుడూ ఎక్కడా చేయలేదు. ఎందుకని అడిగితే, "అది ఆ రోజే ఒకరు చేసేసినారులే" అన్నారు.

వేలూరులో అవ్వను ఆపరేషన్ గదిలోకి తోసుకుపోతుంటే నేను బండి పట్టుకుని పక్కనే నడిచాను. తలుపు దగ్గర ఆమె నా వేలు పట్టుకుంది. "ఒరే లెక్కలోడా, ఇది రీలు మార్చే చీకటేలే. నువ్వూ మీ మామా పాట ఎత్తుకోండి" అంది. తలుపు మూసుకుంది. పెట్టె మామకు గొంతు తిరిగి వచ్చి రెండు రోజులైంది. హార్మోనియం లేదు, కంజీర లేదు. వరండాలో బెంచీ మీద కూర్చుని, నేను మోకాలి మీద తాళం వేస్తుంటే ఆయన మెల్లగా పాడాడు. ఒక నర్సమ్మ వచ్చి, అరవం కలిసిన తెలుగులో, "సత్తం చేయకూడదు ఇక్కడ" అంది. సరేనని మామ పాట ఆపి చెయ్యి మాత్రం ఊపుతూ కూర్చున్నాడు. ఒక్క శబ్దం లేకుండా ఆ పాట మొత్తం అయ్యేదాకా ఇద్దరం తాళం వేశాం. గడ్డ పోయింది. అవ్వ ఉంది. స్పృహ రాగానే ఆమె అడిగిన మొదటి మాట, "మీ నాయన చెప్పు దొరికిందా?"

ఆ తర్వాత పదమూడేళ్ళు అవ్వ కండెలు చుడుతూనే ఉంది. మంచి శుక్రవారం నాడు పాలు పొంగడం ఆగిపోయింది. నన్ను చూసినప్పుడల్లా మాత్రం, "అన్నీ చూపించినావు గానీ, పుట్టేది చూపించలేదే నువ్వు" అని మూతి తిప్పేది. నేతమ్మ కూడా అడిగేది. లేచినాయన ఎట్లా పుట్టాడో ఆమెకు చూడాలని ఉండేది. నేను తిరుపతికి రెండుసార్లు పోయి అడిగాను. ఒకసారి ఆ సినిమా వేరే జిల్లాకు పోయిందన్నారు, ఇంకోసారి ప్రొజెక్టరే మూలన పడిందన్నారు. తర్వాత క్యాసెట్లు వచ్చాయి, సీడీలు వచ్చాయి, ఇప్పుడు ఫోన్లో ఏది కావాలంటే అది వస్తుంది. అయినా గీతలు లేని ఆ రీలు, చివర్లో నీళ్ళూ పడవా వల నిండా చేపలూ ఉండేది, నేనెంత వెతికినా దొరకలేదు. అవ్వ ఒక వేసవి తెల్లవారుజామున, ఏ భయమూ లేకుండా వెళ్ళిపోయింది. ఎవరింట్లోనైనా కష్టం వచ్చి నన్ను ధైర్యం చెప్పమంటే, నాకు బైబిలు వాక్యం కంటే ముందు ఆ పద్దెనిమిదేళ్ళవాడే గుర్తొస్తాడు. సుద్దముక్క చేతిలో పట్టుకుని, తప్పు అంకెను ఎంత ధీమాగా రాశాడో వాడు! వాడి మీద నాకిప్పుడు కోపం లేదు, ముద్దొస్తాడు. ఆ పల్లెకు వాడు పడిన బాకీ మాత్రం ఇప్పటికీ నా పేరనే ఉంది: ఒక రీలు.